మిర్యాలగూడ బియ్యం కంటైనర్‌కు కార్బన్ లెక్క వేసే తీరు

(నల్గొండలో బియ్యం మిల్లర్లు, ఎగుమతిదారులు, రవాణా వ్యాపారులు, వాణిజ్యశాస్త్ర విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

వేదిక మీది పెద్దలకు, మిల్లుల యజమానులకు, లారీ సంఘం మిత్రులకు, వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఎగుమతి కాగితాల్లో ఈ మధ్య కొత్తగా ఒక గడి చేరింది. సరుకు పేరు, బరువు, సంచుల సంఖ్య, రేవు పేరు రాసిన తర్వాత, ఈ సరుకు మీ మిల్లు గేటు నుంచి రేవుకు చేరేలోపు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడిందో రాయమని కొనుగోలుదారులు అడుగుతున్నారు. మన దేశంలో కూడా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం 2022–23 నుంచి స్టాక్ మార్కెట్లో నమోదైన మొదటి వెయ్యి కంపెనీలు పర్యావరణ నివేదిక ఇచ్చి తీరాలి. ఆ కంపెనీలు తమకు సరుకు అమ్మేవారిని అడుగుతాయి, వాళ్ళు తమ కింది వారిని అడుగుతారు, ఆ విధంగా షేర్ మార్కెట్‌తో ఏ సంబంధమూ లేని మిల్లు గుమాస్తా బల్ల మీదికి ఈ ప్రశ్న వచ్చి పడుతుంది. ఆయన ఏదో ఒక వెబ్‌సైటు తెరిచి, బయలుదేరే ఊరు, చేరే ఊరు, బరువు కొట్టి, అది ఇచ్చిన అంకెను గడిలో నింపి పంపించేస్తాడు. ఆయనను తప్పు పట్టను. కాని ఒకే కంటైనర్‌కు, ఒకే రైలులో, ఒకే దూరానికి మూడు వేర్వేరు జవాబులు వస్తాయనీ, మూడింటికీ సమర్థన ఉందనీ ఈ పూట మీకు చూపించదలిచాను. లెక్కలన్నీ మిల్లు క్యాలిక్యులేటర్ మీద చేయగలిగినవే.

ముందుగా రైలును చూద్దాం. మన దగ్గర కంటైనర్ రైలు అంటే మామూలుగా 45 చదును వ్యాగన్ల రేక్. ఒక్కో వ్యాగన్ మీద ఇరవై అడుగుల కంటైనర్లు రెండు కూర్చుంటాయి కాబట్టి రేక్‌కు 90 కంటైనర్లు. ఖాళీ వ్యాగన్ బరువు సుమారు 19 టన్నులు. ఖాళీ కంటైనర్ 2.3 టన్నులు. ఒక్కో కంటైనర్లో సగటున 20 టన్నుల సరుకు ఉందనుకుందాం. వ్యాగన్లు 855 టన్నులు, కంటైనర్ల డబ్బాలు 207 టన్నులు, సరుకు 1,800 టన్నులు, మొత్తం 2,862 టన్నులు. అంటే ఇంజిన్ లాగే బరువులో మూడో వంతుకు పైగా ఇనుమే. సరుకుదారులు పంపేది 1,800 టన్నులు, కరెంటు ఖర్చయ్యేది 2,862 టన్నులకు. ఈ రెండు అంకెల మధ్య తేడానే ఈ శాస్త్రంలో సగం తగాదాలకు మూలం.

రైల్వే వారు ఇంధనం లెక్కను స్థూల టన్ను కిలోమీటర్లలో చూస్తారు, అంటే డబ్బా, వ్యాగన్ అన్నీ కలిపిన బరువును దూరంతో హెచ్చిస్తారు. వెయ్యి స్థూల టన్ను కిలోమీటర్లకు ఎన్ని యూనిట్ల కరెంటు అన్నది వాళ్ళ కొలమానం. లెక్క కోసం 7 యూనిట్లు అనుకుందాం. ఇది నేను ఊహించి పెట్టుకున్న అంకె, మీ రైలుకు అసలు అంకె వేరుగా ఉండవచ్చు. దూరం 750 కిలోమీటర్లు అనుకుందాం, హైదరాబాద్ నుంచి నవీ ముంబయి పక్కనున్న నవా షేవా రేవుకు రైలు దారి ఇంచుమించుగా అంత. 2,862ను 750తో హెచ్చించి, వెయ్యితో భాగించి, 7తో హెచ్చిస్తే 15,026 యూనిట్లు. ఇక యూనిట్‌కు ఎంత కార్బన్ అన్నది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటిస్తుంది. ఇటీవలి సంవత్సరాల్లో అది యూనిట్‌కు 0.72 కిలోల చుట్టుపక్కల ఉంటోంది. హెచ్చిస్తే రైలు మొత్తానికి 10,800 కిలోల పైచిలుకు, ఒక్కో కంటైనర్‌కు 120 కిలోలు. కిలో బియ్యానికి 6 గ్రాములు. వరి మడిలో నిలిచిన నీటి కింద పుట్టే మీథేన్ ముందు ఇది చాలా చిన్నదనే సంగతి ఎవరూ మరిచిపోకూడదు. అయినా అడిగినవారు అడిగింది రవాణా గురించి కాబట్టి అక్కడే ఉందాం.

ఇక్కడ చదువుకున్నవారు కూడా ఒక మాట అంటుంటారు. కరెంటు ఇంజిన్‌కు పొగ లేదు, మన లైన్లన్నీ విద్యుదీకరణ అయ్యాయి, కాబట్టి రైలు ఖాతాలో సున్నా వేయవచ్చు అని. నల్గొండ జిల్లా వారికి దీనికి జవాబు చెప్పడానికి నేను అక్కర్లేదు. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం మీ కళ్ళ ముందే ఉంది. ఇంజిన్ దగ్గర కనపడని పొగ ఆ గొట్టాల దగ్గర కనపడుతుంది. సరే, మా రైలు నాగార్జునసాగర్ నీటి కరెంటుతో నడిచిందని రాసుకుంటాం అంటారా? అదీ కుదరదు. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసిపోయింది. ఆ రోజు నుంచి దేశమంతా ఒకే గ్రిడ్. పాలమూరు పొలిమేరల్లో సోలార్ పలకల మీద పుట్టిన కరెంటు, వీర్లపాలెం బొగ్గు కరెంటు, సాగర్ నీటి కరెంటు అన్నీ అందులో పడ్డాక ఏ యూనిట్ ఏ ఇంజిన్‌లోకి పోయిందో విడదీయలేము. అందుకే గ్రిడ్ సగటు వాడతాం. రైల్వే ప్రత్యేక ఒప్పందంతో పవన, సౌర విద్యుత్తు కొంటే దానిని వేరే పద్ధతిలో చూపించడానికి అంతర్జాతీయ నియమాలు వీలు కల్పిస్తాయి. అప్పుడు రెండు అంకెలూ పక్కపక్కన రాయాలి గాని, అనుకూలమైన అంకె ఒక్కటే రాసి ఊరుకోకూడదు.

మరో జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. 0.72 అన్నది విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాలినప్పటి లెక్క. గని నుంచి బొగ్గు తవ్వి తేవడానికి అయినది, తీగల్లో పోయే నష్టం ఇందులో లేవు. అలాగే లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోలు అన్నప్పుడు ముడిచమురు తీసి, శుద్ధి చేసి, బంకుకు చేర్చడానికి అయినది కలవదు. కలిపితే దాదాపు అయిదో వంతు పెరుగుతుంది. రవాణాలో వెలువడే కార్బన్‌ను లెక్కించే తీరు మీద 2023లో వచ్చిన ఐఎస్ఓ 14083 అనే అంతర్జాతీయ ప్రమాణం ఇంధనం పుట్టిన చోటి నుంచి చక్రం తిరిగే దాకా అంతా కలపాలని చెబుతుంది. మీరు పంపే చివరి నివేదికలో అలాగే చేయండి. ఈ సభలో లెక్క తేలికగా ఉండడం కోసం రెంటికీ కాలిన చోటి అంకెలే వాడుతున్నాను. ఒకదానికి గని నుంచి, మరొకదానికి చక్రం నుంచి మొదలుపెట్టి రైలునూ లారీనీ పోల్చే పట్టికలు నేను చాలా చూశాను. వాటిని చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ఇప్పుడు మూడు జవాబుల సంగతికి వస్తాను. పై రైలులోనే ఒక మూల కంటైనర్‌లో జడ్చర్ల దగ్గరి పోలేపల్లి ఫార్మా సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) నుంచి వచ్చిన మాత్రల డబ్బాలు ఉన్నాయనుకోండి. డబ్బా నిండుగానే ఉంది, కాని సరుకు 6 టన్నులే. రైలు సగటు టన్ను కిలోమీటర్‌కు 8 గ్రాములు కదా, 6 టన్నులను 750తో, దానిని 8 గ్రాములతో హెచ్చిస్తే 36 కిలోలు. ఇది సరుకు బరువును బట్టి పంచే పద్ధతి, ఐఎస్ఓ ప్రమాణం సాధారణంగా కోరేది ఇదే. కంటైనర్ డబ్బా బరువు ఇందులో సరుకుగా లెక్కకు రాదు.

మరొకాయన వచ్చి, నీ కంటైనర్ రైలు మీద తొంభైలో ఒక వంతు చోటు తీసుకుంది, బరువు తగ్గితే చోటు తగ్గదు కదా, కాబట్టి నీ వాటా 120 కిలోలు అంటాడు. ఓడ కంపెనీలకు ఈ పద్ధతి అలవాటు, వాళ్ళు కంటైనర్‌ను లెక్కిస్తారు గాని లోపలి బియ్యాన్ని కాదు. మూడో ఆయన ఇంజినీరు. ఆయన నిజంగా ఎంత కరెంటు ఖర్చయిందో చూద్దామంటాడు. సగం వ్యాగన్ 9.5 టన్నులు, డబ్బా 2.3, సరుకు 6, మొత్తం 17.8 టన్నులు. దానిని లాగడానికి 93 యూనిట్లు పట్టింది, 67 కిలోలు అంటాడు. 36, 67, 120. ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడలేదు.

నా అభిప్రాయం అడిగితే, భౌతికశాస్త్రం ఇంజినీరు వైపే ఉంది. కాని వ్యాపారంలో ప్రమాణం మాటే చెల్లుతుంది. బరువు పద్ధతిలో తేలిక సరుకు వారికి లాభం, బియ్యం, సిమెంటు, గ్రానైట్ వంటి బరువు సరుకు వారి మీద భారం. రేక్‌లో తేలిక కంటైనర్ల కోసం లాగిన ఇనుములో కొంత భాగం కూడా మీ బియ్యం ఖాతాలోకే వస్తుంది. ఈ సంగతి తెలియకుండా మీ అంకెను ఫార్మా వారి అంకెతో పోల్చి ఎవరైనా చిన్నబుచ్చితే, ఏ పద్ధతిలో పంచారో ముందు అడగండి. మూడు పద్ధతులనూ కలగాపులగం చేసి, రైలుకు చోటు లెక్క, లారీకి బరువు లెక్క వేయడం మాత్రం ఎవరికీ చెల్లదు.

తిరుగు ప్రయాణం గురించి ఇప్పుడు చెప్పాలి. వెళ్ళేటప్పుడు నిండుగా వెళ్ళిన 90 కంటైనర్లు ఖాళీగా తిరిగి వచ్చాయనుకుందాం. 1,062 టన్నుల ఇనుము 750 కిలోమీటర్లు వస్తుంది, 5,575 యూనిట్లు, 4,000 కిలోల పైన. దీనిని ఎవరి ఖాతాలో వేయాలి? ఖాళీ డబ్బాకు యజమాని ఉంటాడు గాని సరుకుదారు ఉండడు. అందువల్ల చాలామంది దానిని గాలికి వదిలేస్తారు. ప్రమాణం అలా వదలనివ్వదు, ఖాళీ నడకను కూడా నిండు సరుకు మీదే పంచాలంటుంది. పంచితే కంటైనర్‌కు 120 కాస్తా 165 కిలోలు అవుతుంది, అంటే మూడో వంతుకు మించిన పెరుగుదల. అదే రేక్ తిరుగు దారిలో దిగుమతి సరుకు మోస్తే ఆ భారం వాళ్ళకు వెళుతుంది. కాబట్టి ఒక్క రైలు చూసి లెక్క వేయకుండా, ఆ మార్గం మీద ఏడాది పొడుగునా రెండు వైపులా నడిచిన రైళ్ళ సగటు తీసుకోవాలి.

మార్గం అన్నాను కాబట్టి నేల స్వభావం కూడా చూడాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. ఇంజిన్‌తో కలిపి మూడు వేల టన్నుల రైలును ఆ ఎత్తుకు ఎక్కించాలంటే, పట్టాల రాపిడి సంగతి పక్కనపెట్టి, ఎత్తు ఒక్కదానికే 4,000 యూనిట్లకు పైగా కావాలి. ముంబయి వైపు వెళ్ళే దారిలో లోనావాలా–కర్జత్ మధ్య ఘాట్ 37 మీటర్లకు ఒక మీటరు వాలు. కింది నుంచి వచ్చే బరువు రైళ్ళకు అక్కడ వెనక తోపుడు ఇంజిన్లు తగిలిస్తారు. మన ఎగుమతి రైలు దిగుతుంది, దిగుమతి రైలు ఎక్కుతుంది. కొత్త తరహా త్రీ ఫేజ్ ఇంజిన్లు దిగేటప్పుడు బ్రేకు వేస్తే మోటార్లు జనరేటర్లుగా మారి కొంత కరెంటును తిరిగి తీగలోకి పంపుతాయి, పాత ఇంజిన్లు దానిని వేడిగా గాలిలో కలిపేస్తాయి. సగటు అంకె ఈ తేడాలన్నిటినీ కప్పేస్తుంది.

ఇంకా దగ్గరగా, మన లైను మీదే చూద్దాం. బీబీనగర్ నుంచి నల్గొండ, మిర్యాలగూడ మీదుగా గుంటూరు వెళ్ళే ఒంటి లైను మీద గూడ్సు రైలును రామన్నపేటలోనో చిట్యాలలోనో లూప్ లైనులో, అంటే స్టేషన్‌లోని పక్క పట్టాల మీద ఆపి ఎదురు బండిని వదలడం మీరందరూ చూసేదే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న మూడు వేల టన్నుల రైలు ఆగితే దాని కదలికలో ఉన్న శక్తి దాదాపు 115 యూనిట్లు. మళ్ళీ ఆ వేగానికి రావాలంటే అంత శక్తినీ మళ్ళీ పోయాలి. ఒక మామూలు ఇంట్లో నెలంతా వాడుకునే కరెంటు ఒక్క క్రాసింగ్‌లో పోతుందన్నమాట. ఈ మార్గానికి రెండో లైను వేయడానికి 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, మహబూబ్‌నగర్–డోన్ మార్గానికి కూడా అప్పుడే. డబ్లింగ్ అంటే ప్రయాణికులకు సమయం కలిసిరావడమని పత్రికలు రాస్తాయి. కార్బన్ లెక్క వేసేవాడికి అది వెయ్యి స్థూల టన్ను కిలోమీటర్లకు పట్టే యూనిట్లు తగ్గడం.

అందుకే విదేశీ పట్టికల నుంచి అంకె ఎత్తి మన రైలుకు అతికించడం నాకు నచ్చదు. అమెరికాలో డీజిల్ ఇంజిన్ల వెనక కంటైనర్ మీద కంటైనర్ పెట్టి నడుపుతారు, యూరప్‌లో ఒక్కో దేశపు కరెంటు ఒక్కో రకం. మన దేశంలోనే పశ్చిమ సరుకు రవాణా కారిడార్ మీద విద్యుత్ తీగ ఎత్తుగా వేసి రెండంతస్తుల కంటైనర్ రైళ్ళు నడుపుతున్నారు. అక్కడ ఒక వ్యాగన్ ఇనుము నాలుగు డబ్బాలకు పంచుకుంటారు, మనకు రెండింటికే.

ఇంతవరకూ రైలు గురించి మాట్లాడాను. కాని మిర్యాలగూడ మిల్లరుకు అసలు లెక్క రైలు ఎక్కకముందే అయిపోతుంది. మీ కంటైనర్ సనత్‌నగర్ డిపోలో రైలు ఎక్కాలంటే ముందు ఖాళీ డబ్బా అక్కడి నుంచి మీ మిల్లుకు రావాలి. దూరం 150 కిలోమీటర్లు అనుకుందాం. ఖాళీ ట్రైలర్ లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు ఇస్తే 33 లీటర్లు, 89 కిలోలు. నిండిన ట్రైలర్ లీటరుకు మూడు కిలోమీటర్లు ఇస్తే 50 లీటర్లు, 134 కిలోలు. రెండూ కలిపి 223 కిలోలు. రైలు 750 కిలోమీటర్లకు తీసుకున్నది 120, ఖాళీ తిరుగు ప్రయాణం కలిపినా 165. అయిదో వంతు దూరానికి అంతకు మించిన కార్బన్. లారీ మిత్రులు నొచ్చుకోనక్కర్లేదు, ఇది డ్రైవరు తప్పు కాదు, ఒక్కో డబ్బాకు ఒక్కో ఇంజిన్ వాడితే అంతే అవుతుంది. జడ్చర్ల వైపు వారికి ఈ బాధ తక్కువ. తిమ్మాపూర్ డిపో వాళ్ళకు యాభై కిలోమీటర్ల లోపే ఉంది కాబట్టి రోడ్డు వాటా మూడో వంతుకు పడిపోతుంది.

నివేదికల్లో రైలు రవాణా అని పెద్ద అక్షరాలతో రాసి, ఈ రోడ్డు ముక్కను వదిలేసే అలవాటు బాగా ఉంది. రైల్వే వారు ఇచ్చే పొదుపు అంకెలు కూడా స్టేషన్ నుంచి స్టేషన్ వరకే మాట్లాడతాయి, వాళ్ళ పరిధి అంతే కాబట్టి. మీ పరిధి మిల్లు గేటు నుంచి మొదలవుతుంది. డిపోలో కంటైనర్‌ను ఎత్తి దించే యంత్రాల డీజిల్, యార్డులో షంటింగ్, అంటే వ్యాగన్లను అటూ ఇటూ జరిపే పని కూడా కలపాలి, కాని అవి చిన్నవి. చిన్నది కానిది ఒకటుంది, శీతల కంటైనర్. మందుల్లో కొన్నింటికి దారి పొడుగునా చల్లదనం కావాలి. డబ్బాకు తగిలించిన జనరేటర్ గంటకు రెండున్నర లీటర్లు తాగుతుందనుకుంటే రెండు రోజుల్లో 120 లీటర్లు, 320 కిలోల పైన. లాగడానికి అయినదానికి రెండున్నర రెట్లకు మించి చల్లబరచడానికే పోయింది. దానిని మామూలు కంటైనర్ల సగటులో కలిపేస్తే బియ్యం వారికి అన్యాయం.

గుమాస్తాకు ఏయే కాగితాలు కావాలని ఇందాక ఒకరు చీటీ పంపారు. వేబ్రిడ్జి చీటీలో స్థూల, నికర బరువులు రెండూ ఉండాలి. రైల్వే రసీదులో ఉండే దూరం ఛార్జీ వేసే దూరం, అది రైలు నడిచిన దారితో సరిపోతుందో లేదో డిపో వారిని అడగండి. ఖాళీ డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో లారీ ట్రిప్ షీట్‌లో ఉంటుంది, డీజిల్ బిల్లు దానికి పిన్ను చేసి పెట్టుకోండి. రైలు కరెంటు వాడకం మీ చేతికి రాదు, అక్కడ ఏ సగటు వాడారో, ఏ సంవత్సరానిదో నివేదికలో ఒక వాక్యం రాయండి.

మిర్యాలగూడలోనే కంటైనర్లు రైలు ఎక్కించే వీలుంటే ఎంత తగ్గుతుందని రెండో చీటీలో అడిగారు. వేసి చూద్దాం. రైలు దూరం 140 కిలోమీటర్లు పెరిగిందనుకుంటే నిండు డబ్బాకు 22 కిలోలు, ఖాళీ డబ్బా రాకకు మరో 8, మొత్తం 30 కిలోలు. మిల్లు నుంచి స్టేషన్‌కు పోనూ రానూ లారీకి పది పదిహేను కిలోలు వేసుకుందాం. 223 ఉన్న చోట 45. కాని దీనికి ఒక షరతు ఉంది. ఒకే రోజు, ఒకే రేవుకు 90 కంటైనర్ల సరుకు, అంటే 1,800 టన్నుల బియ్యం సిద్ధంగా ఉండాలి. సగం రేక్‌తో బండి కదిలితే ఇంజిన్ బరువు, యార్డు పని, క్రాసింగులు అన్నీ సగం డబ్బాల మీదే పడతాయి. ఒక్క మిల్లు వల్ల అది కాదు. నాలుగైదు మిల్లులు ఆర్డర్లను ఒకే వారానికి జతచేసుకోగలవా, ఖాళీ డబ్బాలను ఓడ కంపెనీ అంత దూరం ముందుగా పంపడానికి ఒప్పుకుంటుందా అన్నది మీరు కూర్చుని తేల్చుకోవలసిన విషయం. ఒప్పుకునేటట్టయితే ఈ లెక్క కాగితం ముందుపెట్టి డిపో వారితో మాట్లాడండి, కిరాయి లెక్క కూడా దాని పక్కనే వేయండి.